మూడు వందల ఉద్యోగాలు, పన్నెండు వేల కోవాలాలు

2025 సెప్టెంబరు 7, ఆదివారం. ఆస్ట్రేలియాలో ఆ రోజు ఫాదర్స్ డే. ఆ రోజే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం ఓ ప్రకటన చేసింది. ఉత్తర కోస్తాలోని 1,76,000 హెక్టార్ల ప్రభుత్వ అడవిని గ్రేట్ కోవాలా నేషనల్ పార్కులో కలుపుతున్నామని, అక్కడ చెట్ల నరికివేత వెంటనే ఆగిపోతుందని దాని సారాంశం. వెంటనే అంటే నిజంగానే వెంటనే. సోమవారం నుంచి ఆ అడవిలో కొత్తగా ఒక్క చెట్టు పడకూడదు. వారాంతం ఇంట్లో గడుపుతున్న మిల్లు కార్మికుడికీ, దుంగల లారీ డ్రైవరుకీ తమ పని సంగతి టీవీ వార్తల్లో తెలిసింది.

ప్రభుత్వం చెప్పిన అంకెలు ఇవి. పార్కు పరిధిలో 12,000కు పైగా కోవాలాలు, అంటే యూకలిప్టస్ ఆకు తింటూ చెట్ల మీదే బతికే జంతువులు, ఉన్నాయి. 36,000 దాకా గ్రేటర్ గ్లైడర్లు, అంటే చెట్టు మీంచి చెట్టు మీదికి గాల్లో తేలుతూ వెళ్ళే జంతువులు, ఉన్నాయి. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులు మొత్తం వందకు పైనే. రెండో వైపు ఆరు కలప మిల్లులు, దాదాపు 300 ఉద్యోగాలు. ఒక పళ్ళెంలో 300, ఇంకో పళ్ళెంలో 12,000 పెడితే తూకం ఎటు మొగ్గుతుందో చూడ్డానికి తేలికే. అయితే ఈ అంకెలు ఎవరు లెక్కపెడితే వాళ్ళకు తగ్గట్టు మారతాయి. తూకంలో అసలు పెట్టని సరుకు కూడా చాలా ఉంది.

చోటు గురించి ముందు కొంచెం. దక్షిణాన కెంప్సీ నుంచి ఉత్తరాన కాఫ్స్ హార్బర్ దాటి గ్రాఫ్టన్ దిశగా, సముద్రపు ఒడ్డు నుంచి పడమటి కొండల దాకా పరుచుకున్న అడవులివి. గుంబయింగిర్ ఆదివాసుల నేల. ఇప్పటికే ఉన్న నేషనల్ పార్కులకు ఈ 1,76,000 హెక్టార్లు కలిస్తే మొత్తం 4,76,000 హెక్టార్లు ఒకే రక్షిత ప్రాంతం అవుతుంది. మన నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు కంటే పెద్దదన్నమాట. ఈ ప్రాంతం ఒక్క కలప మీదే బతకడం లేదు. కాఫ్స్ హార్బర్‌కు టూరిస్టులొస్తారు. పక్కనే ఉన్న వూల్‌గూల్గాలో పంజాబీ సిక్కు రైతులు తరాలుగా అరటి తోటలు వేశారు, ఇప్పుడు బ్లూబెర్రీ పండిస్తున్నారు. ఊళ్ళో గురుద్వారా కూడా ఉంది. కానీ లోపలికి, కొండల వైపు వెళ్ళే కొద్దీ పెద్ద జీతం ఇచ్చే పనులు తగ్గిపోతాయి. మిల్లు అక్కడ లెక్కకు వస్తుంది.

ఆ అడవిలో చెట్లు చాలావరకు యూకలిప్టస్ జాతివే. మనవాళ్ళు జామాయిల్ అని పిలిచే చెట్టుకు పుట్టిల్లు ఆస్ట్రేలియానే. అయితే భద్రాచలం, రాజమండ్రి పేపర్ మిల్లుల కోసం మన రైతులు నాలుగైదేళ్ళకోసారి కొట్టే సన్నటి జామాయిల్‌ను మనసులో పెట్టుకుంటే ఈ గొడవ అర్థం కాదు. ఇక్కడివి ఎవరూ నాటని చెట్లు. కొన్ని వందేళ్ళు పైబడినవి. బ్లాక్‌బట్, స్పాటెడ్ గమ్, ట్యాలోవుడ్ లాంటివి. వానకు, ఎండకు, చెదలకు తట్టుకునే గట్టి చేవ ఉన్న కలప. కరెంటు స్తంభాలు, వంతెనల దూలాలు, రేవుల్లో నీళ్ళలో నిలబడే గుంజలు, ఇళ్ళ వరండా పలకలు, ఫ్లోరింగ్ దీంతో చేస్తారు. చిల్లర కలప ప్యాలెట్లకు పోతుంది. వాళ్ళు ‘నేటివ్ టింబర్’ అనేది ఈ సహజ అడవి కలపనే. పైన్ తోటల పరిశ్రమ వేరు. దాని జోలికి ఈ పార్కు పోదు. పార్కు హద్దుల్లో ఉన్న, మనుషులు నాటి పెంచిన గట్టి కలప తోటల్లో కోతకూ, ప్రైవేటు భూముల్లో కోతకూ ఈ నిషేధం వర్తించదు.

అలాగే ‘స్టేట్ ఫారెస్ట్’ అన్న మాటను మన రిజర్వు ఫారెస్టుతో పోల్చకూడదు. అది పేరుకు అడవి, పనికి కలప గోదాము. ప్రభుత్వ సంస్థ అయిన ఫారెస్ట్రీ కార్పొరేషన్ దాన్ని నడుపుతుంది. మిల్లులకు ఏటా ఇంత కలప ఇస్తామని ఒప్పందాలు రాసిస్తుంది. నేషనల్ పార్కు అయిపోతే ఆ అడవి చేతులు మారుతుంది, పార్కుల శాఖకు వెళ్తుంది. మళ్ళీ వెనక్కి తేవాలంటే శాసనసభలో చట్టం చేయాలి. పర్యావరణవాదులకు ఈ పార్కు కావాల్సింది, పరిశ్రమకు దీనంటే భయం వేసేది ఆ ఒక్క కారణంతోనే. మామూలు ఆంక్షలు ప్రభుత్వం మారితే మారిపోతాయి. పార్కు మారదు.

ఇక ఉద్యోగాల లెక్క. ప్రభుత్వం చెప్పే 300 అంటే ఆ అడవి కలప మీద నేరుగా ఆధారపడ్డ పనులు. పరిశ్రమ సంఘాలు వేలల్లో చెబుతాయి. వాళ్ళ లెక్కలో దుంగ నరికిన మనిషి ఉంటాడు, మోసిన లారీ ఉంటుంది, కోసిన మిల్లు ఉంటుంది, ఆ మిల్లు పలకతో వరండా కట్టే మేస్త్రీ కూడా ఉంటాడు. చివరి మనిషిని లెక్కలో వేసుకోవడం మాత్రం ఒప్పుకోవడం కష్టం. బ్లాక్‌బట్ దొరక్కపోతే ఆ మేస్త్రీ ఇంకో కలపతోనో, ప్లాస్టిక్ కలిపిన పలకతోనో వరండా కడతాడు. అతని పని పోదు. అలాగని 300 అన్న అంకె కూడా పూర్తి నిజం కాదు. మిల్లుకు రంపం పళ్ళు సానబట్టే వర్క్‌షాపు, మధ్యాహ్నం భోజనం అమ్మే దుకాణం, పిల్లల సంఖ్య తగ్గితే ఒక టీచరును కోల్పోయే బడి ఆ అంకెలోకి రావు. చిన్న ఊళ్ళో ముప్పై కుటుంబాలు వెళ్ళిపోతే ఆ ఊరి పరిస్థితి ఏమిటో రాష్ట్ర స్థాయి సగటు చెప్పదు.

పార్కును సమర్థించేవాళ్ళ దగ్గరా ఒక పెద్ద అంకె ఉంది. న్యూకాజిల్ విశ్వవిద్యాలయం 2021లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం పార్కు వల్ల 15 ఏళ్ళలో దాదాపు 9,800 ఉద్యోగాలు వస్తాయి. ఆ ప్రాంత ఆర్థిక వ్యవస్థకు 120 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల లాభం వస్తుంది. ఈ అంకె ప్రచారంలో బాగా తిరిగింది. కానీ 15 ఏళ్ళ మొత్తాన్ని ఒక సోమవారం ఉదయం పోయే 300 ఉద్యోగాల పక్కన పెట్టి పోల్చడం సరికాదు. పైగా అందులో పెద్ద వాటా టూరిజం మీద, పార్కులో కట్టే నడక దారులు, వసతుల మీద పెట్టిన అంచనా. కోవాలా రోజులో ఇరవై గంటల దాకా ఎత్తైన కొమ్మ మీద ముద్దలా నిద్రపోతుంది. దట్టమైన అడవిలో దాన్ని వెతికి పట్టుకోవడం మామూలు టూరిస్టు వల్ల కాదు. కోవాలా పేరు చెబితే జనం వస్తారా అంటే రావచ్చు. ఎంతమంది వస్తారు, ఎన్ని రాత్రులుంటారు అన్నది మాత్రం ఊహే.

ఇంకో మెలిక ఉంది. మిల్లులో ఇరవై ఏళ్ళుగా హెడ్ రిగ్ అనే పెద్ద రంపం నడిపే యాభై ఏళ్ళ మనిషికి, కేఫ్‌లో వారాంతాల్లో దొరికే కాజువల్ పని బదులు కాదు. జీతం వేరు, గంటలు వేరు, ఎక్కువగా ఆ పని చేసే మనుషులు కూడా వేరు. పార్కు వల్ల వచ్చే ఉద్యోగాలు నిజమే కావచ్చు, కానీ అవి పోగొట్టుకున్నవాళ్ళకే వస్తాయన్న హామీ లేదు. రెండు అంకెల్లో ఒకటి తీసేసి మిగతాది చూపిస్తే ఈ విషయం కనబడకుండా పోతుంది.

అయితే పరిశ్రమ వైపు వాదనలో ఒక పెద్ద బొక్క ఉంది. పార్కు రాకపోతే ఆ 300 ఉద్యోగాలు అలాగే నిలబడి ఉంటాయన్నది ఆ బొక్క. ఫారెస్ట్రీ కార్పొరేషన్‌లో పైన్ విభాగం లాభాలు తెస్తుంది. సహజ అడవి కలప చూసే హార్డ్‌వుడ్ విభాగం ఏళ్ళ తరబడి నష్టాల్లో ఉంది. 2020-21లో దాదాపు 2 కోట్ల డాలర్లు, 2022-23లో 1.5 కోట్లు, 2023-24లో 2.9 కోట్ల డాలర్ల నష్టం. ఇది రాష్ట్రమంతటికీ కలిపిన లెక్క, ఒక్క ఉత్తర కోస్తాది కాదు. అయినా విషయం అర్థమవుతుంది. ప్రభుత్వం తన చెట్లు తానే నరికి అమ్ముకుని, ఆ అమ్మకంలో నష్టపోతోంది. జనం పన్ను డబ్బుతో నడిచే కోత ఇది. అంత డబ్బు పెట్టి అడవినీ నరికి, ఉద్యోగాలకూ స్థిరత్వం ఇవ్వలేకపోతే ఆ కోత ఎవరి కోసం అన్న ప్రశ్న వస్తుంది.

ఈ కథ ఇవాళ్టిది కాదు. అడవి ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ కలపను మిల్లులకు రాసిచ్చిన చరిత్ర ఆ రాష్ట్రానికి ఉంది. 2014లో బోరాల్ అనే పెద్ద కంపెనీకి ఏటా ఇవ్వాల్సిన 50,000 ఘనపు మీటర్ల కలపను ఇవ్వలేమని ప్రభుత్వం 85.5 లక్షల డాలర్లు కట్టి ఆ హక్కును వెనక్కి కొనుక్కుంది. అప్పుడు ఏ పార్కూ రాలేదు, ఏ కోవాలా ఉద్యమమూ గెలవలేదు. లేని కలపను కాగితం మీద అమ్మేసి, తర్వాత పన్ను డబ్బుతో ఆ కాగితాన్ని కొన్నారు. 2019-20 కార్చిచ్చుల తర్వాత పరిస్థితి ఇంకా బిగిసింది. ఆ వేసవిలో రాష్ట్రంలో 50 లక్షల హెక్టార్లకు పైగా తగలబడింది. అందులో కలప అడవులూ ఉన్నాయి. మిగిలిన అడవి మీద కోవాలాలకూ, మిల్లులకూ ఒకేసారి ఒత్తిడి పెరిగింది.

పార్కు వైపు వాదనలోనూ బలహీనమైన చోట్లు ఉన్నాయి. వాటిలో కోవాలానే మొదటిది అంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

2020లో రాష్ట్ర శాసనమండలి కమిటీ విచారణ చేసి, ఏమీ చేయకపోతే 2050కి ముందే న్యూ సౌత్ వేల్స్‌లో కోవాలా అంతరిస్తుందని తేల్చింది. కార్చిచ్చుల్లో రాష్ట్రంలో కనీసం 5,000 కోవాలాలు చనిపోయాయని అదే నివేదిక చెప్పింది. 2022 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం తూర్పు రాష్ట్రాల్లో కోవాలాను ‘అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువు’ జాబితాలోకి మార్చింది. ఇదంతా పార్కుకు బలమే. కానీ ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వమే రాత్రిపూట వేడిని పసిగట్టే కెమెరాలున్న డ్రోన్లతో సర్వే చేయిస్తే ఈ అడవుల్లో 12,000కు పైగా కోవాలాలున్నట్టు తేలింది. వెంటనే పరిశ్రమ అందుకుంది: దశాబ్దాలుగా చెట్లు కొడుతున్న అడవిలోనే ఇన్ని ఉంటే కోత వల్ల నష్టం ఏముంది? ఇది గాలి మాట కూడా కాదు. రాష్ట్ర వ్యవసాయ శాఖలోని అటవీ శాస్త్రజ్ఞులు అడవుల్లో శబ్దం రికార్డు చేసే పెట్టెలు కట్టి, మగ కోవాలాల అరుపులు లెక్కపెట్టారు. నియమాల ప్రకారం ఎంపిక చేసి చెట్లు తీసిన చోట కోవాలాల సాంద్రత తగ్గలేదని 2022లో ప్రచురించారు.

‘నియమాల ప్రకారం’ అన్న ముక్క దగ్గర ఆగాలి. అదే 2022లో, కాఫ్స్ హార్బర్ దగ్గరి వైల్డ్ క్యాటిల్ క్రీక్ అడవిలో కోవాలాల కోసం, రెయిన్‌ఫారెస్టు కోసం వదిలేయాల్సిన చోట్ల చెట్లు నరికినందుకు కోర్టు ఫారెస్ట్రీ కార్పొరేషన్‌కు 1,35,600 డాలర్ల జరిమానా వేసింది. ఒక అధ్యయనం నియమాలు పాటిస్తే ఏమవుతుందో చెబుతుంది. నియమాలు పాటించారా లేదా అన్నది కోర్టు చెబుతుంది. రెండూ కలిపి చదవాలి.

నిజానికి ఈ అడవిని కాపాడాలన్న వాదనకు కోవాలా కన్నా గట్టి సాక్షి గ్రేటర్ గ్లైడర్. పోస్టరు మీద దాని బొమ్మ అంతగా కనిపించదు, పాపం. పిల్లి అంత ఒళ్ళు, దానికన్నా పొడవైన కుచ్చు తోక, మోచేతుల నుంచి కాళ్ళ దాకా సాగే చర్మం. ఒక చెట్టు మీంచి దూకితే వంద మీటర్ల దాకా తేలిపోగలదు. అది తినేది యూకలిప్టస్ ఆకు, పగలంతా పడుకునేది చెట్టు తొర్రలో. ఒకటి కాదు, తన తిరుగుడు పరిధిలో చాలా తొర్రలు మార్చుకుంటూ ఉంటుంది. యూకలిప్టస్‌లో అంత పెద్ద తొర్ర ఏర్పడాలంటే చెట్టుకు వందేళ్ళు దాటాలి. ఇక్కడ వడ్రంగి పిట్టలు లేవు, తొర్ర తొలిచేవాళ్ళు లేరు. కొమ్మ విరిగి, శిలీంధ్రం తిని, చెదలు తొలిచి, నిదానంగా ఏర్పడాలి. కోవాలాకు ఆకు చాలు, కోత తర్వాత లేచిన లేత చెట్టు మీద కూడా బతుకుతుంది. గ్లైడర్‌కు ముసలి చెట్టు కావాలి. కలప కోసం ఎన్ని దశాబ్దాలకోసారి తిరిగి కోసినా, అడవి ఆ వయసుకు చేరనే చేరదు. కొన్ని తొర్ర చెట్లను వదిలేయాలన్న నిబంధన ఉంది, కానీ చుట్టూ అడవి పోయాక ఒంటరిగా మిగిలిన చెట్టు గాలికీ మంటకూ తేలిగ్గా లొంగుతుంది. 2022 జూలైలో గ్రేటర్ గ్లైడర్ కూడా ప్రమాద జాబితాలో పైమెట్టు ఎక్కింది.

కాబట్టి నిర్ణయం ఎటు? కోత నష్టాల్లో ఉంది, తొర్ర చెట్టు ఒకసారి పోతే ఒక మనిషి జీవితకాలంలో తిరిగి రాదు, ఉద్యోగాలకు మాత్రం డబ్బుతో, సమయంతో కొంత దారి చూపవచ్చు. తూకం పార్కు వైపే మొగ్గుతుంది. కానీ ‘డబ్బుతో, సమయంతో’ అన్నప్పుడు సమయం సంగతి చూస్తే, ప్రభుత్వానికి పాస్ మార్కులు వేయడం కష్టం.

ఈ పార్కు హామీ కొత్తది కాదు. లేబర్ పార్టీ 2015 ఎన్నికల్లోనే ఇచ్చింది. 2019లో మళ్ళీ ఇచ్చింది. 2023 మార్చిలో 8 కోట్ల డాలర్ల హామీతో గెలిచింది. గెలిచిన వెంటనే కోత ఆపలేదు. 2023 సెప్టెంబరులో 106 ‘కోవాలా కేంద్రాలు’ గుర్తించి 8,400 హెక్టార్లలో మాత్రం ఆపింది. అంటే అనుకున్న పార్కులో దాదాపు 5 శాతం. మిగతా 95 శాతంలో రెండేళ్ళ పాటు రంపాలు నడిచాయి. న్యూరీ అడవిలో గుంబయింగిర్ పెద్దలూ, స్థానికులూ దారికి అడ్డంగా కూర్చున్నారు. రేపు పార్కు కాబోయే అడవిని ఇవాళ నరుకుతున్నారని ఒక వైపు కోపం. రేపు పని ఉంటుందో ఉండదో చెప్పకుండా రెండేళ్ళు నానబెట్టారని రెండో వైపు కోపం. రెండు కోపాలూ న్యాయమైనవే. పది లక్షల డాలర్ల హార్వెస్టర్ యంత్రం కొనాలా వద్దా అని ఆలోచించే కాంట్రాక్టరుకు పార్కు వస్తుందన్న వార్త కన్నా, వస్తుందో రాదో తెలియని రెండేళ్ళు ఎక్కువ చేటు చేస్తాయి. బ్యాంకు వాయిదాకు ఈ సస్పెన్స్ అర్థం కాదు.

మిగతా రాష్ట్రాలతో పోలిస్తే తేడా తెలుస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 2021 సెప్టెంబరులో చెప్పింది, 2023 చివరికి సహజ అడవి కోత ఆపేస్తామని. చెప్పిన టైముకి ఆపింది. కోపం అక్కడా వచ్చింది, కానీ తేదీ అందరికీ తెలుసు. విక్టోరియా 2019లో 2030కల్లా ఆపుతామంది. గ్లైడర్ల కేసుల్లో కోర్టు తీర్పులు వరుసగా వ్యతిరేకంగా రావడంతో 2023 మేలో మాట మార్చి, 2024 జనవరి 1 నుంచే ముగింపు అంది. పదేళ్ళ ప్లాను ఏడు నెలల్లో కుదించుకుపోయింది. పరిహారం ఖర్చు కూడా తడిసి మోపెడైంది. మిల్లు ఊళ్ళలో ఇప్పటికీ ఆ చేదు ఉంది. న్యూ సౌత్ వేల్స్ ఈ రెండింటినీ చూసి కూడా తేదీ ప్రకటించే పద్ధతిని వదిలేసి, చివరి నిమిషం పద్ధతినే ఎంచుకుంది. ముందే చెబితే మిల్లులు హడావిడిగా నరికేస్తాయన్న అనుమానం ఒక కారణం కావచ్చు. ఆ అనుమానంలో నిజముంటే, ఒప్పందంలో ఏటా పరిమితి పెడితే సరిపోయేది.

ఆ రాష్ట్రంలోనే ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. 1979లో ఇంకాస్త ఉత్తరాన, టెరానియా క్రీక్ దగ్గర రెయిన్‌ఫారెస్టు కోతకు అడ్డంగా జనం బుల్డోజర్ల ముందు నిలబడ్డారు. అప్పుడూ మిల్లులు మూతపడతాయి, ఊళ్ళు ఖాళీ అవుతాయి అన్నారు. 1982లో ముఖ్యమంత్రి నెవిల్ రాన్ ప్రభుత్వం ఆ అడవులను పార్కుల్లో కలపాలని నిర్ణయించింది. 1986కల్లా అవి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. నేడు ఆ ప్రాంతంలో ఆ నిర్ణయాన్ని తిరగదోడాలనే వాళ్ళు దాదాపు లేరు. దీన్ని పార్కు సమర్థకులు తరచూ చెబుతారు. చెప్పడం మర్చిపోయేది ఏమిటంటే, రెయిన్‌ఫారెస్టు వదిలిన మిల్లులకు అప్పుడు యూకలిప్టస్ అడవి చూపించారు. ఇప్పుడు యూకలిప్టస్ అడవి కూడా వదలమంటే చూపించడానికి మిగిలింది తోటలే.

మరి తోటలు ఆ లోటు తీరుస్తాయా? ఆస్ట్రేలియాలో నరికే దుంగల్లో దాదాపు 90 శాతం ఇప్పటికే తోటల నుంచి వస్తోంది. ఈ అంకె వినగానే సమస్య తీరిపోయినట్టు అనిపిస్తుంది. కానీ తోటల్లో అధిక భాగం పైన్. ఇళ్ళ ఫ్రేములకు పనికొస్తుంది. గట్టి కలప తోటల్లో ఎక్కువ భాగం కాగితపు గుజ్జు కోసం వేసిన బ్లూ గమ్, పదిహేనేళ్ళ లోపు కొట్టేసేది. అది మన జామాయిల్ లాంటిదే. దాంతో కరెంటు స్తంభం నిలబెట్టలేరు. నలభై ఏళ్ళు పెంచే బ్లాక్‌బట్ తోట వేయడానికి ప్రైవేటు మనిషి ముందుకు రాడు. తండ్రి పెట్టుబడి పెడితే ఆదాయం మనవడి చేతికి వస్తుంది. ఇలాంటి తోటలు ప్రభుత్వమే వేయాలి. పార్కు హామీ మొదటిసారి ఇచ్చిన 2015లోనే వేసి ఉంటే ఇప్పటికి పదేళ్ళ చెట్లుండేవి.

స్తంభాలకు సిమెంటు, ఉక్కు, ఫైబర్ మిశ్రమాలు ఉన్నాయి, కరెంటు కంపెనీలు వాడుతున్నాయి. వరండా పలకల విషయం అంత శుభ్రంగా లేదు. అక్కడ ఇండోనేసియా లాంటి దేశాల నుంచి వచ్చే ఉష్ణమండల కలప దుకాణాల్లో రెడీగా ఉంటుంది. కాఫ్స్ హార్బర్ దగ్గర ఒక చెట్టు బతికి, దాని బదులు బోర్నియోలో ఒకటి పడితే, ఈ తూకంలో రాష్ట్రం గెలిచి భూమి ఓడినట్టే. ఇంటి పక్కన కూడా ఇదే ప్రమాదం ఉంది. ప్రభుత్వ అడవి మూసేస్తే కొనుగోలుదారులు ప్రైవేటు అడవుల యజమానుల తలుపు తడతారు. ప్రైవేటు భూముల్లో కోవాలాలు తక్కువేం లేవు, నిబంధనల పర్యవేక్షణ మాత్రం ఇంకా పలుచన. పార్కు ఉద్యమం ఈ ప్రశ్నకు గట్టి జవాబు ఇవ్వలేదు.

కార్మికుల ప్యాకేజీ మాటకొస్తే, కోవిడ్ కాలంలో ఇచ్చినట్టుగా పని ఆగినన్నాళ్ళూ జీతం, మిల్లులకు నిర్వహణ ఖర్చులు, కొత్త పనికి శిక్షణ, అప్పుల సలహా, మానసిక సాయం ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. పార్కు కోసం ముందు చెప్పిన 8 కోట్ల డాలర్లకు ఇంకో 6 కోట్లు కలిపింది. కాగితం మీద ఇది తక్కువేం కాదు. మిల్లులో పేస్లిప్ ఉన్న ఉద్యోగికి బాగానే అందుతుంది. సొంత లారీతో దుంగలు తోలే మనిషి, కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరుగా పనిచేసేవాడు, మిల్లు దగ్గర టైర్లు మార్చే షాపు యజమాని లాంటి అంచుల మీద ఉన్నవాళ్ళే ఎప్పుడూ ఇలాంటి ప్యాకేజీల నుంచి జారిపోతారు. పార్కుకు రేంజర్లు, కలుపు మొక్కలు తీసేవాళ్ళు, అడవి పందులను, నక్కలను అదుపు చేసేవాళ్ళు, మంట పాకకుండా ఖాళీ దారులు కొట్టేవాళ్ళు కావాలి. బుల్డోజరు నడిపి అడవి దారులు తెలిసిన మనిషికి ఆ పనుల్లో ముందు వరుస ఇవ్వడం అన్నిటికన్నా తేలికైన దారి. ఎన్ని ఇస్తారు, ఎన్నేళ్ళు ఇస్తారు అన్న సంఖ్య రాతలో పెడితే కార్మికులు నమ్ముతారు.

ఇదే 2025లో మన దగ్గరా ఇలాంటి తూకం ఒకటి జరిగింది. కవ్వాల్, తడోబా పులుల అడవుల మధ్య దారిని కాపాడాలని తెలంగాణ ప్రభుత్వం మే 30న జీవో 49 ఇచ్చింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1.49 లక్షల హెక్టార్లను కన్జర్వేషన్ రిజర్వు చేసింది. విస్తీర్ణంలో కోవాలా పార్కుకు కలుపుతున్న అడవికి దగ్గర దగ్గరగా ఉంటుంది. ఆదివాసీ సంఘాలు ఆందోళనకు దిగాయి, జూలై 21న జీవోను నిలిపేశారు. పైకి ఒకేలా కనిపించినా లోపల పోలిక లేదు. న్యూ సౌత్ వేల్స్ స్టేట్ ఫారెస్టులో ఊళ్ళు లేవు, పోడు లేదు, అక్కడ పోయేది జీతం. ఆసిఫాబాద్‌లో భయం ఇల్లు, పొలం, అడవి హక్కు పోతాయన్నది. జీతానికి ప్యాకేజీ కట్టవచ్చు. గూడేనికి కట్టే ప్యాకేజీ ఎలా ఉంటుందో మన వాళ్ళకు చాలా ప్రాజెక్టుల్లో అనుభవమే. ఆస్ట్రేలియా ఉదాహరణ చూపించి ఇక్కడ పులుల కారిడార్‌కు వాదించేవాళ్ళు ఈ తేడాను దాటేసి పోకూడదు.

చివరి ముడి కార్బన్ దగ్గర ఉంది. 2025 ప్రకటనతో కోత ఆగింది గానీ పార్కు అప్పటికి చట్టబద్ధంగా పుట్టలేదు. అప్పట్లో కేంద్రం దగ్గర పరిశీలనలో ఉన్న ఒక కార్బన్ పద్ధతికి ఆమోదం వస్తే, నరకకుండా వదిలిన చెట్లు దాచుకునే కార్బన్‌కు క్రెడిట్లు వస్తాయి, వాటిని అమ్మి డబ్బు సంపాదించవచ్చు, పార్కును ఆ తర్వాత ప్రకటిస్తాం అన్నది ప్రభుత్వ ఆలోచన. ముందే పార్కు చట్టం చేసేస్తే ఎలాగూ నరకలేని చెట్లకు క్రెడిట్ ఇవ్వరు కాబట్టి ఈ క్రమం. ఖర్చుకు దారి దొరకడం మంచిదే. కానీ ఈ దారికి ఒక ఇబ్బందికరమైన షరతు ఉంది. క్రెడిట్ చెల్లాలంటే, ఈ ప్రాజెక్టు లేకపోతే మేము ఈ చెట్లు నరికేవాళ్ళమే అని ప్రభుత్వం చూపించాలి. అదే ప్రభుత్వం జనానికి చెప్పేది ఈ కోత నష్టాల్లో ఉంది, దీనికి భవిష్యత్తు లేదు అని. ఒక కిటికీ దగ్గర కోత బాగా నడిచేదని, ఇంకో కిటికీ దగ్గర ఎలాగూ ఆగిపోయేదని రాసివ్వాలి. రెండు దరఖాస్తులూ ఒకే చేత్తో నింపాలి. పైగా ఆ క్రెడిట్లు కొనేది ఎక్కడో పొగ వదిలే కంపెనీ. ఇక్కడ మిగిలిన కార్బన్ అక్కడ గాల్లోకి పోవడానికి అనుమతి అవుతుంది.

మిల్లులకు ఫారెస్ట్రీ కార్పొరేషన్ రాసిచ్చిన కలప ఒప్పందాల గడువు 2028. ప్రకటన నాటికి ఆ ఒప్పందాలు బతికే ఉన్నాయి, వాటిలో రాసిన కలప ఇచ్చే అడవి మాత్రం మూతపడింది. మ్యాపులో ఆ 1,76,000 హెక్టార్లు అప్పటికి ఇంకా స్టేట్ ఫారెస్టే.